ఎల్ అంటే లోడు

పోయిన వారం విజయవాడలో మా మేనకోడలి కారు సర్వీసుకిచ్చాం. క్లచ్చి లేని కారు. గేరు మారినప్పుడల్లా ఎవరో వెనకనుంచి తన్నినట్టు జర్కు కొడుతోందని దాని గోల. అక్కడ పనిచేసే అమ్మాయి కారు కింద దూరి, నాలుగు చుక్కల గేరాయిలు తీసుకొచ్చి తెల్లకాయితం మీద వేసి మాకు చూపించింది.

"ఎర్రగా ఉండాలి సార్. చూడండి, డికాషన్‌లాగా అయిపోయింది. మాడు వాసన కూడా వస్తోంది" అంది.

నాకు ఎనభై అయిదు దాటాయి. కళ్ళు అంతంతమాత్రం, ముక్కు మాత్రం ఇంకా పనిచేస్తోంది. ఆ వాసన తగలగానే నాకు గుర్తొచ్చింది గేరుబాక్సు కాదు, ఒక జేబురుమాలు. ఆ రుమాలు తాలూకు పెద్దమనిషి. ఆయన పోయి చాలా కాలమైంది. పోయినవాళ్ళని తిట్టకూడదని మా ఆవిడ అంటుంది. నేను తిట్టడం లేదు, జరిగింది చెప్తున్నాను. అది తిట్టులాగా వినిపిస్తే అందులో నా ప్రమేయం లేదు.

అప్పట్లో నేను నందిగామలో, హైదరాబాదు రోడ్డు పక్కన ఒక మోటారు షెడ్డులో ఫిట్టరుని. రోజూ పొద్దున తొమ్మిదింటికి ఆయన మా షెడ్డుకి వచ్చేవాడు. ఇస్త్రీ నలగని గ్లాస్కో పంచె, చంకలో గొడుగు, జేబులో నాలుగు మడతల తెల్లరుమాలు. ఆయన షెడ్డులో ఉద్యోగి కాదు. ఆయనకి లారీ లేదు, బస్సు లేదు, సైకిలు తొక్కడం కూడా రాదు. ఆయన ఎక్స్‌పర్టు. ఆ బిరుదు ఎవరిచ్చారో తెలీదు, బహుశా ఆయనే తీసుకున్నాడు. మేమంతా మొహం మీద "ఎక్స్‌పర్టుగారూ" అనేవాళ్ళం. మొహం తిప్పాక ఏమనేవాళ్ళమో ఇక్కడ రాయను.

వయసులో ఉండగా మద్రాసులో ఒక మోటారు కంపెనీలో పదకొండు నెలలు చేశాడు. ఆ పదకొండు నెలలూ నందిగామలో పాతికేళ్ళు నడిచాయి. "మద్రాసులో ఇలా చెయ్యరోయ్" అని గొడుగు మొనతో చూపించేవాడు. గొడుగు మొన ఎందుకంటే వేలితో ముట్టుకుంటే గ్రీజు అంటుతుంది. ఆయన గోళ్ళు పెళ్ళికొడుకు గోళ్ళంత శుభ్రంగా ఉండేవి. ఆ కంపెనీలో ఆయన చేసిన పని గేటు దగ్గర కూర్చుని వచ్చిపోయే బళ్ళ నంబర్లు రిజిస్టరులో రాయడమని నాకు ఎప్పటికో తెలిసింది.

ఇక రుమాలు వైద్యం. ఏ బండి వచ్చినా ఇంజను ఆయిలు గేజీ పుల్ల మమ్మల్ని తియ్యమనేవాడు. రుమాలు విప్పి, ఒక కొసన చుక్క పడనిచ్చేవాడు. వెలుతురుకి పట్టి చూసేవాడు, వాసన చూసేవాడు, కళ్ళు మూసుకునేవాడు, మడత పెట్టేవాడు. అప్పుడు తీర్పు. తీర్పెప్పుడూ ఒక్క మాటే, చెడిన భాగం పేరు: "పంపు." లేకపోతే "ప్లగ్గు." ఒకసారి పెళ్ళిలో వడ్డించే నెయ్యికి కూడా ఇదే పరీక్ష పెట్టి, కల్తీ అని పంక్తి మధ్యలో ప్రకటించాడు. ఆ నేతితోనే ఆయన మూడుసార్లు పప్పు కలుపుకుని తిన్నాడు.

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండించేది ఆయన ఊతపదం. ఒకసారి విజయవాడ నుంచి వస్తుంటే మునేటి వంతెన దగ్గర మా బస్సు ఆగిపోయింది. ఈయనా అందులోనే ఉన్నాడు. దిగి, జ్వరం చూసినట్టు బానెట్టు మీద చెయ్యి పెట్టి "పంపు" అన్నాడు. డ్రైవరు పట్టించుకోలేదు. కార్బొరేటరు విప్పి, జెట్టులో చెత్త ఊదేసి, బండి స్టార్టు చేశాడు. "జెట్టులో మట్టి ఇరుక్కుందండీ" అని ఎవరితోనో అంటుంటే ఈయన తల ఊపి, "నేనన్నదీ అదేగా" అన్నాడు. బస్సులో ఒకాయన నిజమేననుకుని లేచి ఆయనకి కిటికీ పక్క సీటిచ్చాడు.

"నేనన్నదీ అదేగా." ఈ రెండు ముక్కలతో ఆయన జీవితం వెళ్ళబుచ్చాడు. అవతలివాడు ఏం చెప్పినా చివరిదాకా వినడం, విన్నదాన్ని ఈ మాటతో తన ఖాతాలో వేసుకోవడం. ఎదుటివాడు తప్పు చెబితే మాత్రం ఈ మాట బయటికి రాదు. అంత తెలివీ ఉండేది, అదే నా కడుపుమంట.

ఇలాంటి మనిషిని అందరూ ఎందుకు భరించారంటే, ఆయన జగ్గయ్యపేటలో మిర్చి వ్యాపారం చేసే ఒక షావుకారుగారి అక్క మొగుడు. ఇంటల్లుడు. ఆయన గుమ్మంలోకి వస్తే షావుకారుగారు పడక్కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. మా షెడ్డుకి వచ్చే లారీల్లో సగం ఆ షావుకారుగారి సరుకు మోసేవే.

ఆ షావుకారుగారు ఒక ఏడు హైదరాబాదులో నవాబుగారి కొడుకొకడు అమ్ముకుంటుంటే పెద్ద అమెరికా కారు కొన్నాడు. లేత ఆకుపచ్చ రంగు, మంచమంత సీట్లు. దాన్ని నడపడానికి వత్సవాయి నుంచి ఇస్సాకుని పెట్టుకున్నారు. ఇస్సాకు అంతకుముందు లారీ నడిపేవాడు. మిషను బళ్ళో అయిదు చదివాడు, తెలుగు గడగడా చదువుతాడు, ఇంగ్లీషు రాదు. బండిని చూసుకోవడంలో అంత శ్రద్ధగలవాణ్ణి నేను చూడలేదు. దిగేటప్పుడు తలుపు కూడా ధడాలున వేసేవాడు కాదు.

కారు కొత్తగా వచ్చిన రోజున మా షెడ్డు ముందుకి తెచ్చారు. ఎక్స్‌పర్టుగారు లోపలికి తొంగి చూసి, షావుకారుగారితో "క్లచ్చి పెడలు ఊడబెరికారు బావగారూ. నవాబుల పని" అన్నాడు.

"ఈ కారుకి అసలు క్లచ్చి లేదంటండి. గేర్లు దానంతటదే మార్చుకుంటదంట" అన్నాడు ఇస్సాకు.

"నేనన్నదీ అదేగా. లేదనేగా అన్నా!"

స్టీరింగు కింద ఒక చిన్న పుల్ల, దాని మీద అద్దంలో అయిదు ఇంగ్లీషు అక్షరాలు. పి, ఎన్, డి, ఎల్, ఆర్. ఏ అక్షరానికి ఏం పనో ఇస్సాకుకి సగమే తెలుసు. నవాబుగారి డ్రైవరు హడావిడిగా ఏదో చెప్పి పంపించాడు. "బాబుగారూ, మీరు మద్రాసులో చేసినోరు, కాస్త ఇయ్యేంటో చెప్పండి" అని, షావుకారుగారు మా యజమానితో లోపలికి వెళ్ళాక, ఈయన్నడిగాడు. అదే ఇస్సాకు జీవితంలో చేసిన పెద్ద పొరపాటు.

ఎక్స్‌పర్టుగారు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత కాంపౌండరు దగ్గరనుంచి పుండ్లకి వేసే ప్లాస్టరు తెప్పించాడు. దాన్ని పొడుగ్గా కత్తిరించి, తన సొంత పెన్నుతో, బళ్ళో సూక్తులు రాసినట్టు గుండ్రటి అక్షరాలతో రాశాడు: పి పెట్రోలు. ఎన్ నిల్. డి డైలీ. ఎల్ లోడు. ఆర్ రివర్సు. రాసి, అద్దం కింద తన చేత్తోనే అంటించాడు. ఆ చేత్తో ఆయన ఒక బండికి చేసిన పని నాకు తెలిసినంతవరకు అదొక్కటే.

అయిదింటిలో ఒకటి ఒప్పు. కానీ ఆ రోజు మాకెవరికీ అది తప్పని తోచలేదు, నాకూ తోచలేదు. లారీలవాళ్ళం మేము. మా లెక్కలో బండికి రెండే రకాల బతుకు, లోడు, ఎంప్టీ. ఎల్ అంటే లోడు కాక ఇంకేమవుతుంది?

"లోడంటే ఎంతమందండీ?" అని ఇస్సాకు అడిగాడు.

"నలుగురు దాటితే లోడే" అని సెలవిచ్చాడు ఎక్స్‌పర్టుగారు.

షావుకారుగారి కుటుంబం నలుగురి దగ్గర ఎప్పుడాగింది? తల్లి, భార్య, పిల్లలు, వంటమనిషి, అరిసెల డబ్బాలు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ దగ్గరికైనా, విజయవాడకైనా ఎనిమిది మందికి తక్కువ ఎక్కరు. ఇస్సాకు భక్తిగా ఎల్‌లో పెట్టి, జగ్గయ్యపేట నుంచి విజయవాడ దాకా ఎల్‌లోనే తోలేవాడు. ఇంజను రోడ్డు పొడుగునా గుక్కపెట్టి ఏడ్చేది. ఓ రోజు నాముందే ఈయన్నడిగాడు, "లోడులో పెడితే గోల పెడతందండి బాబుగారూ" అని.

"లోడు లాగుతుంటే ఆమాత్రం మూలగదా?" అన్నాడీయన.

ఏడాది తిరక్కుండా కారు చెడింది. బయల్దేరితే ధన్ మని జర్కు. ఒక్కోసారి ఇంజను అరుస్తుంది గానీ బండి కదలదు. ఇస్సాకు దాన్ని ఎలాగో మా షెడ్డుకి చేర్చాడు. ఎక్స్‌పర్టుగారు గేరుబాక్సు గేజీ పుల్ల తియ్యమన్నాడు, రుమాలు విప్పాడు. ఇంజను ఆపేసి ఉంది, చల్లారి ఉంది. రుమాలు మీద గోధుమరంగు చుక్క పడింది.

"ఇందులో ఉండేది ఎర్రనూనె. అమెరికా నూనె. అదేమైంది?" అన్నాడు ఇస్సాకు వైపు చూస్తూ.

"తెలీదండి."

"నాకు తెలుసు. అమ్ముకున్నావు. లారీల మాడునూనె పోశావు."

ఈ రోడ్డు మీద డ్రైవరుకి దొంగన్న పేరొస్తే మళ్ళీ ఎవరూ స్టీరింగు ముట్టుకోనివ్వరు. లారీవాళ్ళు కూడా ఇవ్వరు. ఎక్స్‌పర్టుగారు అప్పటికే ఒక మనిషిని బస్సెక్కించి జగ్గయ్యపేట పంపించాడు, షావుకారుగారు రేపు పొద్దున రావాలని.

ఆయన భోజనానికి వెళ్ళాక ఇస్సాకు కారు సొరుగులోంచి ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. కారుతోపాటు వచ్చింది. గుడ్డలో చుట్టి దాచాడు.

"అన్నా, నువ్వు స్కూలు ఫైనలు దాకా చదివావుగా. ఇందులో ఏం రాసుందో చూడన్నా. నేను దొంగతనం చెయ్యలా. నా పిల్లల మీదొట్టు" అన్నాడు.

ఇద్దరం కారు నీడలో కూర్చున్నాం. నా ఇంగ్లీషు ఫెయిలైన ఇంగ్లీషు. అయినా కూడబలుక్కుంటూ చదివాను. ఈ నూనె చూడాలంటే ఇంజను నడుస్తూ ఉండాలట, వేడెక్కి ఉండాలట. అలాగే చూశాం. నూనె సరిగ్గా గీత దాకా ఉంది, చుక్క తగ్గలేదు. ఇంకో పేజీలో రాసుంది: రంగు మారి మాడు వాసన వస్తే, లోపల గేర్లని పట్టి ఉంచే పట్టీలు కాలి ఉంటాయని. ఎందుకు కాలతాయో ఇంకో పేజీ. ఆ పేజీలో ఉంది ఎల్. అన్నిటికన్నా కింది గేరు, దాని పేరు లో. పెద్ద ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే, అదీ మెల్లగా, అదీ కాసేపే.

ఆ మాట ఇస్సాకుకి చెప్పాను. వాడు చాలాసేపు ఆ ప్లాస్టరు వైపు చూశాడు. "అయితే నేనే చంపానన్నమాట బండిని" అన్నాడు. దొంగతనం పోయిందని సంతోషపడతాడనుకున్నాను. వాడు కారు కోసం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. మర్నాడు పొద్దున, షావుకారుగారు రాకముందే, నేను ఎక్స్‌పర్టుగారిని పక్కకి పిలిచాను. పెద్దాయన, పదిమందిలో తలవంపులెందుకని. పుస్తకం చూపించి, ఎల్ అంటే లోడు కాదండీ, లో అండీ అని మెల్లగా చెప్పాను. ఆయన అంతా విన్నాడు. పేజీ నంబరు కూడా అడిగాడు.

"నేనన్నదీ అదేగా" అన్నాడు.

తర్వాత "ఓసారి మళ్ళీ బండి చూస్తాను" అని వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. అంతకాలంలో ఆయన ఆ సీట్లో కూర్చోవడం నేను చూడలేదు. నాకు అనుమానమైనా రాలేదు. మర్యాద చేశానని నాలో నేను మురిసిపోతున్నాను.

షావుకారుగారు వచ్చాడు. షెడ్డు ముందు కుర్చీ వేశాం. ఈయన గొడుగు ఆనించుకుని నిలబడి నేను చెప్పిందంతా ఒక్క ముక్క పోకుండా అప్పజెప్పాడు. ఇంజను నడుస్తుండగా చూడాలని, నూనె గీత దాకా ఉందని, రంగు మారిందంటే పట్టీలు కాలినట్టని. నాకన్నా బాగా చెప్పాడు. "వీడు దొంగ కాదు బావగారూ. నేనే పరీక్ష చేసి తేల్చా. దొంగ కాదు, మొద్దు. ఎల్ అంటే లో అని చిన్నపిల్లాడిక్కూడా తెలుసు. ఈ వెధవ ఊరూరా ఎల్‌లో తోలాడు."

"ఎందుకు తోలావురా?" అన్నాడు షావుకారుగారు.

"బాబుగారే చెప్పారండి అయ్యగారూ. కాయితమ్మీద రాసి అంటించారండి. అదుగో" అని ఇస్సాకు కారు తలుపు తీశాడు.

అద్దం కింద ఏమీ లేదు. దుమ్ము పట్టని ఒక పొడుగాటి గుర్తు, దాని అంచుల్లో జిగురు, అంతే.

"నేను రాశానా? నేనా?" అన్నాడు ఎక్స్‌పర్టుగారు. ఎండగా ఉంది, మొహానికి చెమటలు పట్టాయి. అలవాటుగా జేబులోంచి రుమాలు లాగి, ఒక్క విదిలింపు విదిల్చి మొహం తుడుచుకున్నాడు.

పుండ్లకేసే ప్లాస్టరు. దాని జిగురు మామూలుది కాదు. రుమాలు మడతలో దాచిన చీటీ గుడ్డకి సగం అంటుకుని, సగం గాలిలో వేలాడుతోంది. నూనె చుక్క పక్కనే, గుండ్రటి అక్షరాలు. ఎన్ నిల్. డి డైలీ. ఎల్ లోడు.

ఆయన కాక మేము అయిదుగురం ఉన్నాం అక్కడ. అయిదుగురమూ చదివాం. షావుకారుగారు కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివాడు. ఆ చేతిరాత ఆయన ఎరక్కపోవడమేమిటి, ఆయన ఇంటి శుభలేఖలన్నీ ఆ చేత్తో రాసినవే. ఎక్స్‌పర్టుగారికి మాత్రం తెలీదు, ఇంకా మెడ తుడుచుకుంటున్నాడు.

ఎవరమూ మాట్లాడలేదు. నేను మాట్లాడలేదు. నా నోట్లో మాట ఉంది, చేతిలో పుస్తకం కూడా ఉంది. మా షెడ్డు యజమాని నా వైపు ఒక్క చూపు చూశాడు, లారీలు గుర్తున్నాయా అన్నట్టు. నేను పుస్తకం మూశాను.

షావుకారుగారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. నేల వైపు చూస్తూ, "ఇస్సాకూ, తాళాలు ఇచ్చేసి వెళ్ళు" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. అక్క మొగుణ్ణి అబద్ధాలకోరనడం కన్నా డ్రైవర్ని మార్చడం తేలిక, ఆయన లెక్క అది.

ఇస్సాకు తాళాలు కారు సీటు మీద పెట్టాడు. పెట్టి, నేరుగా ఎక్స్‌పర్టుగారి దగ్గరికొచ్చాడు. రుమాలుకి వేలాడే ప్లాస్టరుని రెండువేళ్ళతో, గాయం మీది కట్టు తీసినట్టు, నెమ్మదిగా ఊడదీశాడు. అప్పుడు చూసుకున్నాడీయన. మొహం ఏ రంగుకి తిరిగిందో నేను చెప్పక్కర్లేదు, ఆ నూనె రంగే. ఇస్సాకు కారులోకి వంగి, ఆ చీటీని ఎక్కడిదక్కడ, గుర్తుకి సరిగ్గా, వేలితో అద్ది అంటించాడు.

"అదెందుకురా ఇంకా?" అన్నాడు షావుకారుగారు, సిగ్గుతోనో కోపంతోనో.

"ఉండనీయండి అయ్యగారూ. రేపొచ్చే డ్రైవరుక్కూడా చెప్పేది ఈ బాబుగారేగా" అన్నాడు ఇస్సాకు.

అప్పుడు ఎక్స్‌పర్టుగారి నోరు దానంతటదే తెరుచుకుంది.

"నేనన్నదీ అదేగా" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఇస్సాకు తలుపు చప్పుడు కాకుండా వేసి, జగ్గయ్యపేట వైపు రోడ్డెక్కి నడిచి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం, ఎక్స్‌పర్టుగారు లేకుండా చూసి, మేము షెడ్డులో పడీపడీ నవ్వాం. ఆ తర్వాత ఏళ్ళతరబడి ఆ మాట చెప్పుకుని నవ్వాం. చెప్పినప్పుడల్లా నేను ఎక్స్‌పర్టుగారి గొంతు పెట్టి చెప్పేవాణ్ణి, ఇస్సాకు గొంతు మాత్రం నాకు పెట్టడం చేతయ్యేది కాదు. వాడు మళ్ళీ స్టీరింగు పట్టలేదు. సున్నపురాయి క్వారీలో రాళ్ళు మోస్తున్నాడని విన్నాను. వెళ్ళి చూడలేదు.

సర్వీసు సెంటర్లో ఆ అమ్మాయి కాయితం మడిచి చెత్తబుట్టలో వేసింది. "ఎవరైనా లో గేర్లో ఎక్కువ దూరం నడిపారా సార్?" అని అడిగింది. మా మేనకోడలు నడిపిందని నాకు తెలుసు, తిరుమల ఘాటు దిగాక గేరు మార్చడం మర్చిపోయి రేణిగుంట దాటిందాకా వచ్చింది, నేను పక్కనే ఉన్నాను. అది నా వైపు చూసింది, చెప్పొద్దన్నట్టు.

"నడిపాం తల్లీ. తప్పు మాదే" అన్నాను.

అరవయ్యేళ్ళు ఆలస్యంగా, తప్పు కారు ముందు.